ఉతకని అరుపు

“అంటించేశారర్రోయ్! మన షెడ్డు తలుపుకి కాయితం అంటించేశారు!”

షెడ్డు బయట్నుంచి ఇస్త్రీ మావయ్య పెట్టిన కేక అది. కేక గంజి వదిన చెవిన పడిందో లేదో, దాని వెనకాలే గుడ్డ కూడా వచ్చి, ఆవిడ మడత పెడుతున్న ఆస్పత్రి దుప్పట్ల మీద పడింది. మూరెడు వెడల్పు, కాకి రంగు, అంచులన్నీ పీచుపీచు. మైలగుడ్డ తెల్లదుప్పట్ల మీద పడిందేమిటని వదిన చిరాగ్గా దాన్ని చేత్తో తీసింది. తియ్యగానే ఆవిడ నోరు దానంతటదే తెరుచుకుని, “అంటించేశారర్రోయ్!” అని అరిచింది.

“విన్నాంలే, ఒకసారి చాలదూ!” అని పక్క తొట్టి దగ్గర్నుంచి ఆవిడ అత్త విసుక్కుంది.

వదిన గుడ్డని తొట్టిలో జాడించి, పిండి, తీగ మీద పడేసి, చెయ్యి తుడుచుకుంటూ అప్పుడు పరిగెత్తింది తలుపు దగ్గరికి.

ఆ ఊళ్ళో అంతే మరి. ఒళ్ళు మండి ఎవరైనా గట్టిగా అరిస్తే ఆ అరుపు గుడ్డై పడుతుంది. గొంతు ఎంతో గుడ్డ అంత. కోపం ఎంత చిక్కనైతే నేత అంత చిక్కన. పడ్డదాన్ని పడ్డట్టు ముట్టుకుంటే, ముట్టుకున్నవాళ్ళ నోటెంట ఆ అరుపు మళ్ళీ వస్తుంది. అందుకే ఎవరైనా ముందు ఉతుకుతారు. ఒక్క ఉతుకు పడితే నోరు పోయి ఉత్త గుడ్డ మిగులుతుంది. ఆలుమగల కీచులాటల్లో పడ్డవన్నీ వంటింట్లో మసిగుడ్డలవుతాయి. పెళ్ళై ఏడాదైనా మసిగుడ్డ కొనుక్కుంటున్న జంటని చూసి, “ఇదేం కాపురమర్రా, ఒక్క గుడ్డయినా రాల్లేదూ!” అని అమ్మలక్కలు నవ్వుకుంటారు. ఒకావిడ తొందర్లో ఉతకని గుడ్డతో అన్నం గిన్నె దించబోయి, సరిగ్గా మావగారు లోపలికొచ్చే వేళకి “పనికిమాలిన మొహమా!” అనేసింది. అది అంతకుముందు మొగుడు ఆవిణ్ణి తిట్టిన తిట్టు. కానీ మావగారికి ఆ సంగతి నచ్చచెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మెత్తగా మాట్లాడేవాళ్ళకి గుడ్డ పడదు. ఆఫీసర్లకి అసలే పడదు. వాళ్ళు అరిస్తేగా! పొట్ట మీద కొట్టేటప్పుడు కూడా గొంతు పెంచరు, “దయచేసి సహకరించండి” అని మరీ కొడతారు.

తలుపు మీది కాయితంలోనూ ఆ మాటే ఉంది. ఉతుకుడు షెడ్డు ఖాళీ చెయ్యాలట, దయచేసి. నెలాఖరున పడగొడతారట. ఎదురుగా లేచిన కొత్త ఆఫీసులో పెద్దవాళ్ళ కార్లకి నీడ లేదట.

కార్లకి నీడ కావాలట! ఆ షెడ్డు అంటే ఏమిటనుకున్నారు? రాతి తొట్లు, మసి పట్టిన బాయిలర్లు, ఈ గోడ నుంచి ఆ గోడకి తీగలు. ఊళ్ళో ఆస్పత్రి పక్కల మీది దుప్పట్లు, హోటళ్ళ బల్లగుడ్డలు, ఆ పెద్దవాళ్ళు తొడుక్కునే చొక్కాలు, అన్నీ అక్కడే తెల్లబడతాయి. ఆ వీధిలో వండుకునే పొయ్యిలన్నీ ఆ బాయిలర్లని నమ్ముకున్నవే. గంజి వదిన భర్త పోయాక అత్తనీ తననీ నిలబెట్టింది ఆ తొట్టే. గంజి పెట్టడంలో ఆవిడ చెయ్యి అలాంటిది, ఆవిడ చేతిలో పడిన కాలర్ ముసలాడి మెడని కూడా నిలబెడుతుందని పేరు.

ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు, వదిన మరిది. వీధంతా దూది అని పిలుస్తారు. ఎవరేమన్నా “సరే”, ఏం పెట్టినా “బావుంది”. పుట్టిన దగ్గర్నుంచి వాడి నోటెంట ఒక్క గుడ్డ పడలేదు. పురుడు పోసిన మంత్రసాని, వీడు ఏడవడం లేదని కంగారుపడి రెండు దెబ్బలు వేస్తే, మర్యాదగా దగ్గాడట. అలాంటివాడు నడిపేది ఏమిటయ్యా అంటే బుల్డోజరు. నగర కార్యాలయంలో కాంట్రాక్టు డ్రైవరు. ఏళ్ళ తరబడి “పర్మినెంటు చేస్తాం” అంటూ తిప్పుకుంటున్నారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు చూడండి, అదీ.

ఆ మధ్యాహ్నం వాడు అన్నానికొచ్చి, చెయ్యి కడుక్కుని, కంచం ముందు కూర్చోకుండా నిలబడ్డాడు.

“ఏంట్రా?” అంది తల్లి.

“షెడ్డు పని... నాకే వేశారమ్మా. ఇది చేస్తే పర్మినెంటు చేస్తామన్నారు.”

“నువ్వేమన్నావు?”

“సరే అన్నాను.”

తల్లి వాడి కంచం తీసి బోర్లించింది. “నీకు పాలడబ్బా కొన్నది ఆ షెడ్డు, బడికి పంపింది ఆ షెడ్డు, ఆ బండి నేర్పించింది ఆ షెడ్డు. దాని మీదికి బండి తోలతానన్నవాడు నాతో పాటు కూర్చుని అన్నం తినక్కర్లేదు.”

“అత్తయ్యా, పోనీ కడుపునిండా తిననివ్వండి. తరవాత తిడుదురు గాని,” అని వదిన అడ్డం వచ్చింది.

“కావాలంటే నువ్వు పెట్టు, మెట్ల మీద.”

దూది మెట్ల మీదే తిన్నాడు. ఎలా ఉందని వదిన అడిగితే “బావుంది” అన్నాడు. వదినకి వాడి మీద జాలేసింది, వొళ్ళూ మండింది. రెండూ ఒకేసారి ఎలా కలుగుతాయో మరిదులున్న ప్రతి ఇల్లాలికీ తెలుసు.

మర్నాడే వీధంతా కదిలింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఇక సర్కారు పెడుతుందా? పనులు ఆపి, ఆఫీసు ముందు నిలబడి అరిచారు. “మా షెడ్డు మాదే!” “మా పొట్ట కొట్టకండి!” “కార్లకి నీడా, మాకు ఎండా?” గుడ్డలు కుప్పలు కుప్పలుగా పడ్డాయి. ఎర్రవి, బూడిదరంగువి, అత్త నోటెంట పడినదైతే గోనెపట్టాలా ఉంది. సాయంత్రానికి, ముట్టుకున్నప్పుడల్లా మళ్ళీ అరుస్తూనే, అన్నీ బళ్ళకెత్తుకుని షెడ్డుకి తెచ్చారు, మర్నాడు షెడ్డు పడగొట్టమన్న ఆఫీసరు గదిలో ఇద్దామని.

అదిగో, అక్కడ చేశారు తప్పు. వాళ్ళు తప్ప ఇంకొకరు చెయ్యలేని తప్పు.

ఉతికారు!

ఉతికితే నోరు పోతుందని వాళ్ళకి తెలియదా? పసిపిల్లలకీ తెలుసు. ఇస్త్రీ మావయ్య గొణిగాడు కూడా. “వదినా, ఇవి ఉతికితే ఇంకేం మిగుల్తాయి?”

“ఈ చెయ్యి దాటి మురికి గుడ్డ ఒకరి గుమ్మంలోకి ఎప్పుడైనా వెళ్ళిందా?” అంది గంజి వదిన. “రేపు ఆ ఆఫీసరు, ‘వీళ్ళకి ఉతకడమే సరిగ్గా రాదు, వీళ్ళకి షెడ్డెందుకు’ అంటే? మన పనితనం చూడాలి, చూసి సిగ్గుపడాలి.”

మాట బాగానే ఉంది. తరతరాల అలవాటు చేతుల్లో ఉంది కదా, మురికి కనపడితే ఊరుకోవు. అందరూ వంగి ఉతికారు. వదిన గంజి పెట్టింది. మావయ్య తన బతుకులో ఎప్పుడూ వెయ్యనంత పదునైన మడతలు వేశాడు. ఊరి కోపమంతా కొత్త పెళ్ళికొడుకు బట్టల్లా తళతళలాడింది.

ఆఫీసరు చాలా సంతోషించాడు. చెయ్యి వెయ్యబోయే ముందు మాత్రం, “ఉతికినవేగా?” అని అడిగాడు. ఉతికినవేనని చెప్పాక అప్పుడు వేళ్ళతో రాసి చూసి, “ఎంత పద్ధతైన మనుషులు! మీ మనోభావాలు నాకు అందాయి. దయచేసి వెళ్ళి రండి,” అన్నాడు.

వెళ్ళారు. ఎదురుచూశారు. కాయితం తలుపు మీద అలాగే ఉంది.

ఏమైందో కనుక్కుందామని వదినా, అత్తా, మావయ్యా మళ్ళీ వెళ్ళారు. ఆఫీసరు గదిలో చల్లగా ఉంది. ఎందుకుండదూ? కిటికీలకి కొత్త తెరలు. ఎండ లోపలికి రాకుండా వేలాడుతున్నది “కార్లకి నీడా, మాకు ఎండా?” అన్న అరుపు. బల్ల మీద టీ కప్పుల కింద “మా పొట్ట కొట్టకండి!”. బంట్రోతు అత్త అరుపుతో నేల తుడుస్తున్నాడు. ఆఫీసరు బిస్కెట్టు తిని చెయ్యి తుడుచుకున్నది “మా షెడ్డు మాదే!” అన్నదానికి. వదిన గంజి పెట్టిన అంచు ఇంకా నలగలేదు.

వదిన బల్ల దగ్గరికి దూసుకెళ్ళింది. “అది చేతులు తుడుచుకునే గుడ్డ కాదయ్యా! అది మా అరుపు!” అని ఆవిడ అరిచిన అరుపుకి బల్ల మీద దభీమని గుడ్డ పడింది, నిప్పు రంగుది. ఆఫీసరు కుర్చీ వెనక్కి జరిపి, దాన్ని పెన్సిలు కొసతో ఎత్తి చెత్తబుట్టలోకి జారవిడిచాడు.

“ఇది ఉతికినట్టు లేదమ్మా. ఇలా చేస్తే ఎలా, మీరే చెప్పండి,” అన్నాడు. గొంతు పెంచలేదు.

ముగ్గురూ తిరిగొచ్చారు. గుమ్మంలో కాలు పెట్టాక వదిన, “తప్పు నాదేనత్తయ్యా. నేనే నోరు నొక్కి, గంజి పెట్టి మరీ అప్పజెప్పాను,” అంది.

“నువ్వొక్కదానివేనా ఉతికింది? నా చేతులూ పడ్డాయి,” అంది అత్త.

ఆ మర్నాడు కొళాయిల్లో నీళ్ళు రాలేదు. షెడ్డుకి వచ్చే గొట్టం మూసేశారు. నీళ్ళు లేకపోతే వాళ్ళే పోతారని ఎవరో తెలివైనవాడి ఆలోచన. జనం మళ్ళీ వెళ్ళి అరిచారు. ఈసారి ఇంకా గట్టిగా అరిచారు, మళ్ళీ గుడ్డలు పడ్డాయి. కానీ ఉతకడానికి చుక్క నీళ్ళు లేవు. వదిన చేతులు తొట్టి వైపు వెళ్ళి వెనక్కి వచ్చాయి. వట్టి తొట్లలో పెడదామంటే చెయ్యి తగిలిన ప్రతిసారీ ఎవరో ఒకరు అరుస్తున్నారు. చివరికి బాయిలర్లోంచి బట్టలు తీసే పట్టుకర్రలతో పట్టి, మురికిగా ఉన్నవాటిని ఉన్నట్టే షెడ్డు తీగల మీద ఆరేశారు. ఆ వీధిలో ఉతకని బట్ట తీగెక్కడం అదే మొదలు. తల కొట్టేసినట్టయింది వదినకి.

నెలాఖరుకి ముందే వచ్చి షెడ్డు పడగొడతారేమోనని మనిషి మార్చి మనిషి కాపలా కాశారు. వంట చేసుకోవడం, తలుపు దగ్గర నిలబడే నాలుగు ముద్దలు మింగడం. ఇంట్లో ముగ్గురూ కలిసి కూర్చున్న పాపాన పోలేదు. దూదికి మెట్లే గతి.

నెలాఖరు వచ్చింది. పొద్దున్నే బుల్డోజరు చప్పుడు. వెనక పోలీసులు, వాళ్ళ వెనక కోటు తొడుక్కుని ఆఫీసరు. బండి మీద దూది. జనం అరుస్తూ అడ్డం నిలబడితే పోలీసులు రెక్కలు పట్టుకుని పక్కకి లాగారు. అత్తని మాత్రం లాగలేకపోయారు, ఆవిడ తొట్టి గట్టు పట్టుకుని వేలాడింది.

“తోలరా! నీ తల్లి ఇక్కడే ఉంది, ముందు నా మీద నుంచి తోలు!”

దూది బండి నెమ్మదిగా ముందుకొచ్చింది. వాడి చూపు లివరు మీంచి పైకి లేవలేదు. బండి ఇనప చెయ్యి షెడ్డు తలుపు నెట్టుకుని లోపలికి దూరి మొదటి తీగకి తగిలింది. తీగ తెగి, గుడ్డలన్నీ ఒక్కసారిగా వచ్చి డ్రైవరు సీటు మీద పడ్డాయి. ఒకటి మొహానికి చుట్టుకుంది, ఒకటి చేతికి, ఒకటి మెడకి.

అప్పుడు దూది నోరు తెరుచుకుంది.

“నీళ్ళు వదలండి!” అన్నాడు. అది మూల ఇంటి పెద్దావిడ అరుపు. గుడ్డ లాగి పారేస్తే ఇంకోటి తగిలింది. “ముప్పొద్దులా వంగి నడుం పోయింది, ఇప్పుడు పొమ్మంటే ఎక్కడికి పోను!” అది ఇస్త్రీ మావయ్యది. “నా తొట్టి నాకుండనివ్వండి!” వదినది. వాడి నోటెంట వీధి వీధంతా వరసగా అరుస్తోంది. జనం అరవడం మానేసి వింటున్నారు. ఎవరి మాట వస్తే వాళ్ళు “అది నాదే” అన్నట్టు తలెత్తుతున్నారు. చివరికి గోనెపట్టా లాంటిది ఒకటి వాడి ఒళ్ళో పడింది. “ఈ బండ మీద నా వేళ్ళు అరిగాయిరా, నా కొడుకు నిలబడతాడని!” అన్నాడు దూది. అని, తల్లి వైపు చూశాడు.

గుడ్డలన్నీ జారి కింద పడ్డాయి. వాడి ఒంటి మీద ఇంక ఒక్కటీ లేదు. బండి ఆగింది.

“ఏమయ్యా, ఆగావేం? నడుపు, దయచేసి,” అన్నాడు ఆఫీసరు.

“నడపను.”

ఆ మాట ఎవరి గుడ్డదీ కాదు. చిన్నగానే అన్నాడు, వాడి గొంతే అంత. కానీ వాడి మొహం చూస్తే తెలుస్తోంది, పుట్టినప్పుడు ఏడవని ఏడుపు కూడా అందులోనే ఉందని. దూది నోటి ముందు ఓ గుడ్డ ముక్క గాలిలో ఊగి, వచ్చి లివరు మీద పడింది. జేబురుమాలంత. తెల్లగా, దారానికీ దారానికీ మధ్య సూది దూరనంత చిక్కగా.

వాడు బండి దిగి వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు.

పోలీసుల్లో బండి నడపడం వచ్చినవాణ్ణి ఎక్కించారు. లివరు మీద చెయ్యి వేశాడో లేదో, “నడపను!” అన్నాడు. తన మాట తనే విని కాసేపు ఆలోచించుకుని, “అనేశాక ఇంకేం నడుపుతానండీ,” అని దిగిపోయాడు. ఇంకొకణ్ణి ఎక్కించారు. “నడపను!” జనం నవ్వడం మొదలెట్టారు. అన్నాళ్ళూ తిట్టినా శాపనార్థాలు పెట్టినా చెక్కుచెదరని ఆఫీసరు ఆ నవ్వుకి మాత్రం తట్టుకోలేకపోయాడు. స్వయంగా బండెక్కి, పెన్సిలు సంగతే మర్చిపోయి, లివరు మీది ఆ గుడ్డని ఉత్త చేత్తో లాగేశాడు.

“నడపను!” అని ఆఫీసరు అరిచిన అరుపు వీధి చివరిదాకా వినపడింది.

జనం గొల్లుమన్నారు. ఆయన సిగ్గుతో దాన్ని ఎక్కడ దాచాలో తెలియక కోటు జేబులో కుక్కుకుని కారెక్కాడు. ఉతికిస్తే నోరు పోయేదే. కానీ ఉతికేవాళ్ళకి నీళ్ళు ఆపించింది తనే కదా!

ఆ తరవాతి సంగతి, లోపల టీలు అందించే మనిషి చెబితే తెలిసింది. పెద్ద మీటింగు. మంత్రిగారు బల్ల చివర కూర్చుని, “షెడ్డు ఇంకా ఎందుకు పడలేదయ్యా?” అని అడిగారు. ఆఫీసరుకి చెమటలు పట్టాయి. నుదురు తుడుచుకుందామని జేబులో చెయ్యి పెట్టాడు.

“నడపను!”

“ఏమన్నావ్?”

“అదికాదండీ, ఇదిగో ఈ...” అని బయటికి తీసి చూపించబోతే మళ్ళీ, “నడపను!” పక్కనున్న ఆఫీసరు సాయం చేద్దామని అందుకుని, “నడపను!” ఆయన చేతిలోంచి జారితే ఇంకొకాయన పట్టుకుని, “నడపను!” బల్ల చుట్టూ తిరిగి రుమాలు మంత్రిగారి ముందుకొచ్చి ఆగింది. మంత్రిగారు ముట్టుకోలేదు. బయట జనం అరుస్తున్నారు, లోపల తన ఆఫీసర్లు అరుస్తున్నారు, మిగిలింది తనొక్కడే. కుర్చీలో అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించి ఉండదు. “మూయించండి ఆ ఫైలు!” అన్నారు.

కొత్త కాయితం వచ్చింది. ఇస్త్రీ మావయ్య తలుపు దగ్గర నిలబడి చదివాడు. “సమగ్రంగా పరిశీలించిన మీదట, ప్రజల మేలు కోరి, ప్రభుత్వం తనంతట తానుగా షెడ్డును యథాతథంగా ఉంచాలని నిర్ణయించింది.”

“మనం అరిచిన సంగతి?” అంది అత్త.

“లేదు.”

“నీళ్ళు ఆపిన సంగతి?”

“అదీ లేదు.”

“తనంతట తానుగానా! చూశావా వాళ్ళ బుద్ధి! ఊరు ఊరంతా గొంతులు చించుకుంటే, వాళ్ళకి నిద్రలోంచి లేచి మంచి బుద్ధి పుట్టిందట!”

అత్త కోపంలో న్యాయముంది. కొళాయిలు తిప్పారు గానీ సగం ధారే. కిటికీ తెరలు తిరిగివ్వలేదు. దూది ఉద్యోగం ఊడింది. దాని గురించి మాత్రం ఎవరూ సమగ్రంగా పరిశీలించలేదు. బళ్ళకొద్దీ అరుపులకి కదలని సర్కారు ఒక్క రుమాలుకి కదిలింది కదా, మిగతా అరుపులన్నీ దండగేగా అని ఆ తరవాత వీధిలో ఒకడు తెలివిగా అన్నాడు. వదిన వాణ్ణి అక్కడే కడిగేసింది. “ఆ బళ్ళకొద్దీ అరుపులూ మీద పడకపోతే మావాడి నోట్లోంచి ఆ రుమాలు ఎలా వచ్చేదిరా? నువ్వు ఆ రోజు తలుపేసుకుని పడుకున్నావు, నీ గుడ్డ ఒక్కటైనా ఉందా అందులో?”

కాయితం వచ్చిన రోజు మధ్యాహ్నం షెడ్డు తలుపులు బార్లా తీశారు. ఇక కాపలా అక్కర్లేదు, నిలబడి మింగక్కర్లేదు. అత్త పెద్ద గిన్నెలో అన్నం వండింది, వదిన కూర చేసింది, మావయ్యా చుట్టుపక్కల వాళ్ళూ తలో గిన్నె పట్టుకొచ్చారు. తొట్ల మధ్య నేల మీద బారుగా కూర్చున్నారు. దూది అలవాటు కొద్దీ కంచం పట్టుకుని మెట్ల వైపు నడిచాడు.

“ఎక్కడికిరా? ఇలా నా పక్కన కూర్చో,” అంది తల్లి. కూర్చున్నాక అందరికంటే ముందు వాడికే వడ్డించింది.

రేపట్నుంచి ఆస్పత్రి బట్టల బండి నువ్వే తోలాలిరా అని మావయ్య అన్నాడు, జీతం బేరమాడకుండా. దూది వెంటనే సరే అనలేదు. “ఆలోచించి చెప్తాను మావయ్యా” అన్నాడు. వదిన గరిటె పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది. వాడు అన్నం కలుపుకుని, ఓ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, తలెత్తాడు.

“వదినా, కూరలో ఉప్పెక్కువైంది.”

గుడ్డేమైనా పడుతుందేమోనని ఇద్దరు ముగ్గురు పైకి చూశారు. పడలేదు. వాడి గొంతులో కోపమెక్కడుంది?

“ఎక్కువైతే ఇంకాస్త అన్నం కలుపుకో,” అని తల్లి నవ్వుతూ వాడి కంచంలో మరో గరిటెడు వేసింది. అప్పుడు అందరూ తినడం మొదలుపెట్టారు.